ఖాళీ సున్నా

మా పొయ్యి బావిలాంటిది.
మట్టి అంచుకి పొట్ట ఆనించి
తలకిందులుగా లోపలికి వంగి
గోడకి రొట్టె అంటించాలి.
కుతైసిలో మా వీధి మొత్తానికి
మా నాన్న అలా వంగాడు, తర్వాత జుంబేర్ వంగాడు.
ఫిబ్రవరిలో ఒక వేకువన
వంగినవాడు లేవలేదు.

కాళ్లు కొట్టుకుంటుంటే
ఆట పట్టిస్తున్నాడనుకున్నాను ముందు.
తర్వాత నడుం పట్టి లాగాను.
కుడి మోచెయ్యి కాలింది.
గోడకున్న పదకొండు రొట్టెలూ మాడిపోయాయి.
ఎందుకో ఆ లెక్క ఇంకా గుర్తు.

అప్పటికి ఏడాదిగా వాల్‌ప్రోయేట్ మింగుతున్నాడు.
అది వాడి వేళ్లలో సన్నటి వణుకు పెట్టింది,
మూర్ఛని మాత్రం సగమే ఆపింది.
"రెండోది కలుపుదాం" అంది డాక్టర్ కేతినో.
లామోట్రిజిన్.
ఆ పేరు నా చేత రెండుసార్లు పలికించింది.

బల్ల మీద రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చెప్పింది:
"మొదటిది గుమ్మానికి అడ్డంగా కూర్చునే రకం.
రెండోదాన్ని త్వరగా బయటికి పోనివ్వదు.
మీరు వేసేది ఒకటి,
నెత్తుట్లో ఉండేది రెండింటంత.
అందుకే చీమ నడక.
రెండు వారాలు రోజు విడిచి రోజు, ఒక చిన్న మాత్ర.
ఆ తర్వాత సంగతి నేను చెబుతాను.
తొందరపడితే చర్మం మాట్లాడుతుంది.
దద్దురు, జ్వరం, నోట్లో పుండు,
ఏది కనబడ్డా తెల్లారేదాకా ఆగొద్దు.
అలాగని పాతదాన్ని మీ అంతట మీరు మానొద్దు."

పిండి బస్తా కాగితం చింపి
గోడకి మేకు కొట్టాను.
మాత్ర ఉన్న రోజు నిండు సున్నా,
లేని రోజు ఖాళీ సున్నా.

"పిచ్చుకకి కూడా ఇంతకన్నా ఎక్కువ గింజలేస్తారు"
అని నవ్వాడు జుంబేర్.
ఎండాకాలం ఈస్ట్ తగ్గించేది వాడే.
గది వేడి కూడా ఈస్టేనే అక్కా,
రెండూ కలిస్తే పిండి గిన్నె దాటుతుందని
నాకు నేర్పింది వాడే.
తన నెత్తుటి దగ్గరికొచ్చేసరికి మరిచాడు.

పొయ్యి నాదయింది, పిండి వాడిదయింది.
నా వెంట్రుకలకి పొగ పట్టింది.
వాడు పిసుకుతూ పిసుకుతూ
నా వీపు వంక చూసేవాడు,
తన కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు.

పన్నెండో రోజు. ఖాళీ సున్నా.
రాత్రి చేతులు కడుక్కోడానికి చొక్కా మడిచాడు.
ఎడమ ముంజేతి మీద ఎర్రటి చుక్కలు.

వద్దన్నా వినలేదు నేను.
ఫోను దీపం వాడి నోట్లోకి కొట్టి చూశాను.
రియోని మీది వంతెన దాటేటప్పుడు
నది చప్పుడు వినబడలేదు నాకు,
చుక్కలు లెక్కపెడుతున్నాను.
పద్నాలుగు. మళ్లీ లెక్కపెడితే పదహారు.

రాత్రి డ్యూటీలో ఉంది కేతినో.
దీపం దగ్గరికి లాగింది.
వేలితో నొక్కింది. వీపు చూసింది, కళ్లు చూసింది.
మళ్లీ చేతి దగ్గరికొచ్చి, వంగి, వాసన చూసింది.
"ఇక్కడ వెంట్రుకలు కమిలాయి.
ఇది మందు పని కాదమ్మా, నిప్పు పని."

జుంబేర్ నేల చూశాడు.
"ఒక్క రొట్టె" అన్నాడు.
"మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తుంటే.
చెయ్యి మరిచిపోయిందేమో చూద్దామని."

చెంప పగలగొడదామని ఎత్తిన చెయ్యి
వాడి నుదుటి మీద వాలింది.
జ్వరం లేదు.
"అయినా తీసుకొచ్చి మంచి పని చేశారు,
ఇంకోసారి కూడా ఇలాగే తీసుకురండి"
అంది కేతినో,
వాడితో కాదు, నాతో.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది.
పొయ్యి గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.
తెల్లారితే నిండు సున్నా.
మింగేదాకా నింపనని పెన్ను కింద పెట్టాను.

బస్తాల వెనక గుడ్డలో చుట్టి దొరికింది ఆ రొట్టె.
ఒక కొన వంకర. బొటనవేలి గుంట.
ఇద్దరం నిలబడే తిన్నాం.
ఉప్పు తక్కువైంది.
చెప్పలేదు.